ఆఖరి బోటు, ఆఖరి రీలు

శొర్ణూర్ రైల్వే క్వార్టర్స్,
జూన్ 17.

వదినా,

అందరం కులాసా. మా ఆయనకు, అదే మీ కేశవన్ అన్నయ్యకు, మోకాలి నొప్పి, అయినా డ్యూటీ మార్పించుకోమంటే వినడు. క్షేమ సమాచారాలు అయిపోయాయి. ఇక అసలు విషయానికి వస్తున్నాను.

నిన్న టీవీలో ‘తొమ్మిదో గోదాము’ మొదటి భాగం చూశావా, లేదా? చూడకపోతే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పక్కన పెట్టు. గ్రంథాలయం తాళాలూ నీ దగ్గరే, టీవీ పెట్టె తాళమూ నీ దగ్గరే. ఆ దీవిలో నీకు అడ్డు చెప్పేవాడెవడు? వచ్చే బుధవారం రెండో భాగమైనా చూశాక మిగతాది చదువు.

చాన్నాళ్ళకు మనవాళ్ళు మంచి నేర కథ ఒకటి తీశారు. గోదాములో కొబ్బరి వ్యాపారి శవం, తాళం లోపల నుంచి వేసి ఉంది. సరే, ఎవరు చంపారన్నది పదమూడు వారాలకు ఎటూ చెప్తారు, దానికి నాకేం తొందర లేదు. నేను చూస్తున్నది ఇన్‌స్పెక్టర్ అనంతన్‌ని, నళినిని. నళిని భర్త ఆ గోదాములోనే గుమాస్తాగా చేసి మూడేళ్ళ కిందట పోయాడు కదా. ఆవిడని విచారించడానికి వెళ్ళినప్పుడు ఆ మనిషి అడిగిన ప్రశ్నల్లో కేసుకు సంబంధించినవి రెండు. మిగతావన్నీ ఆవిడ భోంచేసిందా, ఇల్లు కురుస్తోందా, ఒక్కతే ఎలా నెట్టుకొస్తోంది అనేవే. నాకు అక్కడే అర్థమైపోయింది. మా ఆయన మాత్రం పోలీసులు అలాగే అడుగుతారంటాడు. ఈయన్ని ఏ పోలీసూ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆ భార్గవి పాత్ర చూశావా, నళిని ఆడపడుచు? తలుపు చాటు నుంచి కళ్ళు ఇంతలేసి చేసుకుని చూడ్డం. నాకు ఒళ్ళు మండింది. కథలు రాసేవాళ్ళకు ఆడపడుచు అనగానే తలుపు చాటే గుర్తొస్తుందా?

ఇంకో సంగతి. నళిని లాంతరు ఊదేశాక చీకట్లో ఆవిడ గాజులు మాత్రం వినిపించాయే, అది మన ‘మిథున వాన’లోంచి ఎత్తేసింది. ఈ దర్శకుడు వారానికొకటి పాత సినిమాలోంచి కొట్టుకొచ్చేలా ఉన్నాడు. మనం దొంగసొత్తు పట్టుకుందాం. మా అన్నయ్య, నీ ఆయన, ఉన్నప్పుడు ముగ్గురం కూర్చుని ఇదే పని చేసేవాళ్ళం కదా. ఇప్పుడు ఇద్దరమే మిగిలాం, అందులోనూ నువ్వు ఆ నీళ్ళ మధ్య. అందుకని ఉత్తరాలు ఆలస్యం చేయకు.

నీ
పంకజాక్షి


నెడుంతురుత్తు,
జూన్ 26.

పంకజానికి,

రెండు భాగాలూ చూశాను. నేనొక్కదాన్నే కాదు, దీవంతా గ్రంథాలయంలోనే ఉంది. బెంచీలు చాలక పత్రికలు పరుచుకుని కూర్చున్నారు. యాంటెనా తిప్పడానికి ఒకరు పైన, తిప్పింది చాలని అరవడానికి ఒకరు కింద. మన బోటు నడిపే సరంగు వాసవన్ లోపలికి రాడు, కిటికీ దగ్గర నిలబడి చూస్తాడు. అది అయిపోయాకే ఆఖరి బోటు. అవతలి ఒడ్డు వాళ్ళు కూడా ఇక్కడే చూసి పోతున్నారు.

నీకు ప్రతి కథలోనూ పెళ్ళే కనిపిస్తుంది. అనంతన్ నళిని ఇంటికి వెళ్ళడం అతని ఉద్యోగం. అసలు బంధం ఏదైనా ఉంటే అది అతనికీ సబ్ ఇన్‌స్పెక్టర్ జోస్‌కీ మధ్య ఉంది. జోస్ తప్పు చేసినప్పుడు అనంతన్ తిట్టలేదు, టోపీ తీసి తుడిచి అతని తల మీద పెట్టాడు. తమ్ముణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. అది చూడకుండా నువ్వు గాజులు వింటున్నావు.

నళిని సంగతి అంటావా, ఆవిడకు ఒక ఇల్లుంది, ఒక ఆడపడుచు ఉంది, పోయిన భర్త పేరుంది. ఇంకేం కావాలి? భార్గవి తలుపు చాటు నుంచి చూస్తే తప్పేముంది, అన్న భార్య కదా, చూసుకోవద్దూ.

దొంగసొత్తు ఒకటి పట్టాను. అనంతన్ బీడీ వెలిగించి, కాలిన పుల్లని మళ్ళీ పెట్టెలోనే పెట్టుకున్నాడు. పాత సినిమాల్లో ఆ పని చేసేవాడు ఎప్పుడూ హంతకుడే. ఆ ఇన్‌స్పెక్టర్‌ని నేను నమ్మను.

ఇక్కడ వానలు గట్టిగానే ఉన్నాయి. కేశవన్ అన్నయ్యని మోకాలికి ఆవనూనె కాచి రాసుకోమను.

ఓమన


శొర్ణూర్,
జూలై 8.

వదినా,

నీ హంతకుణ్ణి నువ్వే ఉంచుకో. నిన్నటి భాగం చూశాక కూడా నీ నోట ఆ మాట వస్తుందా?

అనంతన్ నళిని ఇంటి వసారాలో గొడుగు వదిలేసి వెళ్ళాడు. వదిలేసి వాన వెలిశాక మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, నళిని గొడుగు చూసింది, పిలవబోయింది, పిలవలేదు. వెనక నుంచి ఆ వేణువు. నేను మంచం మీది నుంచి లేచి నిలబడ్డాను. ఇది ‘మిథున వాన’ కాకపోతే ఇంకేమిటి? జానకి ఇంటి వసారా, ఆ స్తంభం, ఆ గొడుగు, అంతా అదే. దర్శకుడు సిగ్గుపడకుండా మొత్తం ఎత్తుకొచ్చేశాడు, అతని చేతులకు బంగారు కడియాలు వేయాలి.

మా క్వార్టర్స్‌లో ఇక వాదన లేదు. టికెట్ కలెక్టర్ గారి భార్య సరోజం కూడా ఒప్పేసుకుంది. గొడుగు వదిలాడంటే పెళ్ళి ఖాయం.

నువ్వు కూడా ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాసి పడేయి. ఓడిపోయానని రాయక్కర్లేదు, నీ అక్షరాల వాలు చూసి నేనే తెలుసుకుంటాను.

పంకజాక్షి


నెడుంతురుత్తు,
జూలై 17.

పంకజానికి,

నీకు మతి పోయినట్టుంది. ‘మిథున వాన’ నేను పదిహేడేళ్ళప్పుడు చూశాను, ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆయన గొడుగు వదిలేసి వెళ్తాడు. జానకి దాన్ని ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చుంటుంది. శుభం. అంతే. అది పెళ్ళి ఎలా అవుతుంది? నీకు ఇచ్చేందుకు నా దగ్గర ఇంకేమీ లేదు, ఇది ఉంచుకో, ఇక నేను రాను అని చెప్పడానికే ఆయన దాన్ని వదిలేశాడు. మా దీవిలో ఆడవాళ్ళందరం ఆ రోజు ఏడుస్తూ బోటెక్కాం.

కాబట్టి అనంతన్ కూడా ఇక రాడు. చెప్పాల్సింది చెప్పాడు, ఆవిడ జవాబివ్వలేదు, గొడుగు పెట్టేసి వెళ్ళిపోయాడు. మంచిదే. నళిని చేయాల్సింది ఒకటే, ఆ గొడుగు కళ్ళకు కనపడకుండా బీరువా వెనక పెట్టేయడం. అలా పెట్టినా పూర్తిగా మరిచిపోలేదులే పాపం. వెదురు పిడి, నల్ల గుడ్డ, అంచున తెల్లదారంతో కుట్టిన అక్షరం. తుడవబోతే ప్రతిసారీ ఆ అక్షరమే చేతికి తగులుతుంది.

ఇంక ఈ గొడుగు సంగతి వద్దు. గోదాము తాళం లోపల నుంచి ఎలా వేశారో దాని గురించి రాయి.

ఓమన


శొర్ణూర్,
జూలై 26.

వదినా,

ముందు సినిమా సంగతి తేలుద్దాం. నువ్వు చెప్పింది ‘మిథున వాన’ కాదు, ఇంకేదో. జానకి గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం వరకు నిజమే. ఆ తర్వాత ఇంకా పది నిమిషాలుంది. మళ్ళీ వాన పడుతుంది. ఆయన నిలువునా తడిసి వసారా ముందు నిలబడతాడు. గొడుగు కోసం వచ్చారా అని జానకి అడుగుతుంది. ‘తడవడం అలవాటైపోయింది, ఒక్కడినే తడవడం అలవాటు కాలేదు’ అంటాడు. జానకి గొడుగు విప్పుకుని మెట్లు దిగుతుంది. ఇద్దరూ అదే గొడుగు కింద లోపలికి వెళ్తారు. అప్పుడు శుభం. ఆలప్పుళలో హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నా చెవిలో పువ్వులు పెట్టకు.

ఇక రెండో సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మాకు రంగుల టీవీ కొని ఆరు నెలలైంది. పోయిన బుధవారం మొదట్లో, జరిగిన కథ అంటూ ఆ గొడుగు ముక్క మళ్ళీ వేస్తే ముక్కు తెరకు ఆనించి చూశాను. అనంతన్ గొడుగుకు ఇనప పిడి. వెదురు కాదు. దాని మీద అక్షరం లేదు, తెల్లదారం లేదు. నళిని దాన్ని తుడవనూ లేదు, బీరువా వెనక పెట్టనూ లేదు.

నువ్వు చూస్తున్నది ఎవరి గొడుగు వదినా?

పంకజాక్షి


నెడుంతురుత్తు,
ఆగస్టు 5.

పంకజానికి,

నీ ఆలప్పుళ చప్పట్లు నమ్మాలంటే దీవి మొత్తాన్ని అబద్ధాలకోరుల్ని చేయాలి. కల్యాణి పెద్దమ్మని అడిగాను, పాలు తెచ్చే తంకప్పన్‌ని అడిగాను, నాతో ఆ రోజు సినిమాకొచ్చిన ఇద్దరిని అడిగాను. అవతలి ఒడ్డున జలజా టాకీస్‌లోనే అందరం చూశాం. అందరూ ఒకే మాట చెప్పారు, ఆయన మళ్ళీ రాలేదు. ఇంతమందికి ఒకేసారి మతి పోతుందా? మీ అన్నయ్య కూడా నేను ఆ సినిమా తలుచుకుని కళ్ళొత్తుకున్నప్పుడల్లా నవ్వేవాడు. ‘చివర అలా కాదులే, ఎప్పుడైనా మళ్ళీ వస్తే చూపిస్తా’ అనేవాడు. నన్ను ఏడిపించడానికి అంటున్నాడనుకునేదాన్ని.

ఇప్పుడు రెండోది. నువ్వు అడిగేశావు, ఇక దాచడం చేతకాదు.

సరంగు వాసవన్‌ది ఆ గొడుగు. మీ అన్నయ్య పోయినప్పుడు శవాన్ని తీసుకురావడానికి వేళ కాని వేళలో బోటు తీసినవాడు ఆయనే, నీకు గుర్తుండే ఉంటుంది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, తను మిగిలిపోయిన మనిషి. ఏడేళ్ళుగా వారానికి రెండు పుస్తకాలు పట్టుకెళ్ళి, చెప్పిన రోజుకు తెచ్చిచ్చేవాడు. అంతకు మించి మాటలు లేవు. జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం వానలో ఇంటికే వచ్చాడు. వసారాలో నిలబడి, మీకు ఇష్టమైతే మనం కలిసి ఉందామండీ అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాన తగ్గింది. వెళ్ళిపోయాడు. చూస్తే గొడుగు స్తంభానికి ఆనించి ఉంది.

నాకు వెంటనే జానకి గుర్తొచ్చింది. సరే, ముగించేసి వెళ్ళాడు, మంచిదే అనుకున్నాను. ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గర నిలబడి సీరియల్ చూడటం మానలేదు గానీ నా వైపు చూడటం మానేశాడు. కొల్లం వైపు బదిలీ అడిగి తెచ్చుకున్నాడట. ఓణం వెళ్ళాక, సెప్టెంబరు నెలాఖరుకు వెళ్ళిపోతాడు.

నా వయసు నలభై నాలుగు. నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. ఆ రోజు జవాబు చెప్పనందుకు బాధగానూ ఉంది, ఇది కూడా నీకే చెప్తున్నాను. ఏమనుకున్నావో రాయి.

ఓమన


శొర్ణూర్,
ఆగస్టు 14.

ఓమనకు,

ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ వారం టీవీ చెడిపోయింది, సీరియల్ చూడలేదు. రాయడానికి విశేషాలేమీ లేవు.

పంకజాక్షి


నెడుంతురుత్తు,
ఆగస్టు 20.

పంకజానికి,

నీ ఉత్తరం నాలుగు వాక్యాలు, పైన నా పేరు. ఇరవై ఏళ్ళలో నువ్వు నన్ను పేరు పెట్టి పిలవలేదు. అర్థమైంది.

తప్పంతా నాది. గొడుగు రేపే బోటు ఆఫీసులో ఎవరి చేతికైనా ఇచ్చి పంపించేస్తాను. వాసవన్ వెళ్ళిపోతాడు, అంతటితో సరి. నువ్వు ఈ సంగతి చదవనట్టే ఉండు, నేను రాయనట్టే ఉంటాను.

ఒక్కటి మాత్రం చెప్పనివ్వు. మీ అన్నయ్య చనిపోయిన నెలలో మా వాళ్ళంతా వచ్చి ఏడ్చి వెళ్ళిపోయారు. నువ్వు ఉండిపోయావు. వెళ్ళేటప్పుడు బోటులోంచి, నేను చూసిన ప్రతి సినిమా నీకు రాస్తాను, నువ్వూ రాయాలి అని అరిచి చెప్పావు. ఆ మాట పట్టుకునే బతికాను. వాసవన్ అడిగిన రోజు నా నోట మాట రాకపోవడానికి కారణం ఆయన కాదు, మీ అన్నయ్య కూడా కాదు. ఊ అంటే నేను ఇక నీకు వదినను కానేమో అనుకున్నాను. మీ అన్నయ్య ద్వారానే కదా నువ్వు నాకు దక్కావు. ఇంకొకరి ఇంటి మనిషినైతే నిన్ను ఏ హక్కుతో పంకజం అని పిలవను? ఎవరికని ఉత్తరం రాయను?

మీ అన్నయ్య లేకుండా ఏడేళ్ళు ఉన్నాను. ఇంకా ఉండగలను. నువ్వు లేకుండా ఉండలేను. కాబట్టి నళిని ఆ ఇంట్లోనే ఉండిపోవాలి, అదే సరైన ముగింపు.

టీవీ బాగయ్యాక రాయి.

ఓమన


శొర్ణూర్,
ఆగస్టు 28.

వదినా, వదినా, వదినా,

చాలా? ఇంకా రాయమంటే పేజీ నిండా రాస్తాను.

టీవీ చెడిపోలేదు. చెడిపోయింది నా బుర్ర. నీ ఉత్తరం చదివిన రోజు పొయ్యి మీద కూర మాడిపోయినా లేవలేదు. వాసవన్ అనే పేరు పక్కన నీ పేరు పెట్టి చూస్తే అన్నయ్య ఇంకోసారి పోయినట్టు అనిపించింది. ఏడుపు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది, కోపంలోనే ఆ చెత్త ఉత్తరం రాసి డబ్బాలో పడేశాను. పడేశాక చెయ్యి లోపల పెట్టి తీయబోతే దూరలేదు.

ఆ బుధవారం సీరియల్ చూశాను. నళిని చీర మార్చుకుని బయటికి వెళ్తుంటే భార్గవి తలుపు చాటు నుంచి చూస్తోంది. నేను యథాప్రకారం భార్గవిని తిట్టడం మొదలుపెట్టాను. అప్పుడు మీ కేశవన్ అన్నయ్య మోకాలికి నూనె రాసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు, ‘అద్దంలో చూసుకుని తిట్టు’ అని. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అన్న మంచి మాట అదొక్కటే. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, మూడో రోజు పాయసం చేసి పెట్టాను.

వదినా, అన్నయ్య నిన్ను ఏడిపించడానికి ఆ మాట అనలేదు. ఆలప్పుళలో ‘మిథున వాన’ నేనూ అన్నయ్యా పక్కపక్కన కూర్చుని చూశాం. నీకు అప్పటికింకా మేమెవరమో తెలియదు. చివర ఆయన తడుస్తూ వచ్చినప్పుడు హాల్లో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టిన వెర్రివాడు మా అన్నయ్యే. నాకు సిగ్గేసి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. నీకు ముగింపు నోటితో చెప్పేస్తే ఏం బాగుంటుందని దాచిపెట్టి ఉంటాడు. ఆ సినిమా మళ్ళీ ఈ చుట్టుపక్కల ఆడలేదు. ఆడి ఉంటే నిన్ను తీసుకెళ్ళేవాడు. తీసుకెళ్ళే లోపు తనే వెళ్ళిపోయాడు. అందుకని ఆ పని ఇప్పుడు నా మీద పడింది.

మీ దీవి జనం ఎందుకలా అంటున్నారో నాకు తెలియదు. కానీ సినిమాలో ఆయన తిరిగి వచ్చాడు వదినా. నా మీద ఒట్టు.

గొడుగు ఎవరి చేతికీ ఇచ్చి పంపకు. పంపేసి ఉంటే వెనక్కి తెప్పించు. వాసవన్ దాన్ని ఎందుకు వదిలేశాడో నువ్వు సినిమా చూసి నిర్ణయించేశావు. మనం ఇద్దరం అంతే, బతికున్న మనిషిని అడగకుండా తెరను అడుగుతాం. ఈసారి మనిషినే అడుగు. అడిగి నాకు రాయి.

నీ ఆడపడుచు
పంకజాక్షి


నెడుంతురుత్తు,
సెప్టెంబరు 10.

పంకజం,

అక్షరాల వాలు చూసి నవ్వకు.

గొడుగు పంపలేదు. పంపుతానని రాశానే గానీ, రోజూ గ్రంథాలయం బీరువా దాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని. నీ ఉత్తరం వచ్చాక కూడా కొన్ని రోజులు జెట్టీ వైపు వెళ్ళే ధైర్యం చాలలేదు. మొన్న బుధవారం సీరియల్ ఆఖరి భాగం. దీవిలో మంచం పట్టినవాళ్ళు తప్ప అందరూ వచ్చారు. హంతకుడు దొరికాడు. ఇక పావుగంట ఉంది. అనంతన్ వానలో నళిని ఇంటి సందు మలుపు తిరిగాడు. అప్పుడు కరెంటు పోయింది.

జనం ఏమన్నారో నేను రాయలేను. తంకప్పన్ బయటికి పరుగెత్తి కరెంటు స్తంభాన్ని తిట్టి వచ్చాడు. కాసేపు చూసి అవతలి ఒడ్డు వాళ్ళంతా గొణుక్కుంటూ జెట్టీ వైపు నడిచారు. నేను తాళం వేశాను. వేసి నిలబడితే ఒక్కసారిగా అనిపించింది, ఇదొక ముగింపు నేను చూడలేదు, అదొక ముగింపు చూడలేదు, మూడోదైనా చూడకపోతే ఎలా అని. మళ్ళీ తాళం తీసి బీరువా వెనక నుంచి గొడుగు తీసుకుని నడిచాను. సన్నగా వాన. గొడుగు చేతిలోనే ఉంది, విప్పాలని తోచలేదు.

బోటు నిండా జనం. ఇంజను తిరుగుతోంది. వాసవన్ ముందు భాగంలో తల తడుస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు, గొడుగును చూశాడు, తల దించుకున్నాడు. వెనక్కి ఇవ్వడానికి వచ్చానని అనుకున్నట్టుంది. చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

“ఇది ఎందుకు వదిలేసి వెళ్ళారు?” అని అడిగాను.

“మరిచిపోయానండీ,” అన్నాడు. “ఆ రోజు నా చెప్పులు మరవకపోవడమే గొప్ప.”

“మరి వచ్చి అడగలేదేం?”

“గొడుగు వంక పెట్టుకుని మళ్ళీ వచ్చాడనుకుంటారని. మీకు ఇష్టం లేదని అర్థమైంది కదా.”

చూశావా పంకజం. రెండు నెలలకు పైగా ఆ మనిషి ఇంత వర్షాకాలమూ నెత్తిన కండువా వేసుకుని బోటు నడిపాడు. నేను దాన్ని సినిమా అనుకుని బీరువా వెనక పెట్టి తుడుస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చింది. నవ్వుతూనే ‘మిథున వాన’ సంగతి చెప్పాను, గొడుగు వదిలితే ఇక రానని అర్థం కదా, మా దీవి వాళ్ళందరం జలజా టాకీస్‌లో చూశాం కదా అని.

ఆయన మొహం ఎలాగో అయిపోయింది. ఇంజను గట్టిగా మోగుతుంటే దగ్గరికి వచ్చి చెప్పాడు. ఆ రోజుల్లో సాయంకాలం ఆటకు వచ్చే జనమంతా మన దీవి వాళ్ళేనట. సినిమా పొడుగైతే ఆఖరి బోటు తప్పుతుందని వాళ్ళు టాకీస్ మేనేజరు మీద గొడవకు దిగేవారట. అందుకని ఆ మేనేజరు ఒక ఏర్పాటు చేశాడు. జెట్టీలో హారన్ మోగగానే ఆపరేటరు రీలు ఆపేసి, గాజుపలక మీద రాసిన ‘శుభం’ తెర మీద వేసేవాడట. ఏ సినిమా అయినా సరే, హారన్ మోగితే శుభమే. మన దీవికి ఏ పొడుగు సినిమా చివర ఏమైందో తెలియదు పంకజం. మనకు తెలిసిన కథలన్నీ బోటు వేళకు ముగిసినవే.

“ఆ హారన్ కొట్టింది నేనేనండీ,” అన్నాడు. “అప్పుడు తాళ్ళు కట్టే పనిలో ఉండేవాణ్ణి. నేనూ చూడలేదు. చివరికి ఏమైంది?”

చెప్పడం మొదలుపెట్టాను. ఇంజను చప్పుడులో వినపడలేదన్నాడు. గట్టిగా చెప్పాను. ఇంకా వినపడలేదన్నాడు. చెయ్యి వెనక్కి చాచి ఇంజను ఆపించేశాడు. ఆపాక చూసుకుంటే బోటులో అందరూ నా వైపే చూస్తున్నారు. వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. కల్యాణి పెద్దమ్మ కూతురింటికి వెళ్తూ ముందు బల్ల మీదే కూర్చుంది. ‘ఆగిపోతావేంటే, మేం పాతికేళ్ళ నుంచి ఏడుస్తున్నాం, చెప్పు’ అంది.

చెప్పాను. మళ్ళీ వాన పడటం, ఆయన తడుస్తూ రావడం, జానకి అడిగిన మాట, ఆయన అన్న మాట, అన్నీ నువ్వు రాసినట్టే, ఒక్క అక్షరం పోకుండా. వెనక బల్లల మీది వాళ్ళకు వినపడలేదంటే ముందున్నవాళ్ళు అందించారు. టైమైపోతోందని ఒకడు అరిస్తే పక్కవాడు వాడి నోరు మూయించాడు. ఆఖరి బోటు కదలలేదు. వాసవన్ హారన్ తాడు మీది నుంచి చెయ్యి తీసేసి నిలబడ్డాడు.

“జానకి మెట్లు దిగిందా?” అని అడిగాడు.

“దిగింది,” అన్నాను.

“మీరు?”

అప్పుడు వాన కొంచెం గట్టిపడింది. నేను గొడుగు విప్పాను. విప్పి ఆయన తల మీద పట్టాను, జెట్టీ మీద నేను, బోటులో ఆయన, మధ్యలో జానెడు నీళ్ళు. కల్యాణి పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత బోటంతా కొట్టింది. మీ అన్నయ్య గుర్తొచ్చాడు పంకజం. ఏడుపు రాలేదు. ఆలప్పుళలో అందరికంటే ముందు లేచింది ఆయనే కదా అనుకున్నాను.

బదిలీ రద్దుకు రాసిచ్చాడట, వస్తుందో రాదో తెలియదు. రాకపోతే కొల్లంలో కూడా గ్రంథాలయాలుంటాయి. గొడుగు అడిగాడు. ఇవ్వలేదు. ఇంటికొచ్చి తీసుకోమన్నాను.

సీరియల్ చివర ఏమైందో రాయి. దీవంతా నా ప్రాణం తీస్తోంది. దానికంటే ముందు, నేను నీకు ఏమవుతానో రాయి.

ఓమన


శొర్ణూర్,
సెప్టెంబరు 16.

వదినా,

నీ ఉత్తరం క్వార్టర్స్ మొత్తానికి చదివి వినిపించాను. సరోజం రెండుసార్లు చదివించుకుంది. మీ కేశవన్ అన్నయ్య మోకాలు పట్టుకుని గెంతాడు, ఇప్పుడు మంచం దిగడం లేదు. దిగగానే ఇద్దరం బయల్దేరుతున్నాం. ఆఖరి బోటుకే వస్తాం, ఆపి ఉంచమను.

సీరియల్ సంగతి. అనంతన్ తడుస్తూ వచ్చి వసారా ముందు నిలబడ్డాడు. నళిని గదిలో ఉంది, ఆవిడకు తెలియదు. తలుపు చాటు నుంచి భార్గవి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత భార్గవే తలుపు తీసి, లోపలికి రమ్మని, తుడుచుకోవడానికి తువ్వాలు తెచ్చిచ్చింది. అది ఏ పాత సినిమాలోనూ లేదు వదినా, నేను ఎంత వెతికినా దొంగసొత్తు కాదు. దర్శకుడు సొంతంగా రాసుకున్నది.

నువ్వు అడిగినదానికి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఇకమీదట ఓమనతో మనకు చుట్టరికం ఏమిటి, వాసవన్‌ని నువ్వేమని పిలుస్తావు అని మా ఆయన అడిగాడు. ఆయనకు లెక్కలు రావు, నాకు వచ్చు. నువ్వు నాకు వదినవి, అది ఇరవై ఏళ్ళ కిందటే తేలిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేరు. వదిన మొగుణ్ణి ఏమంటారు? అన్నయ్య అంటారు. వచ్చి జెట్టీలో దిగగానే అలాగే పిలుస్తాను, పలకమని ముందే చెప్పి ఉంచు.

నీ
పంకజం